గుడ్డ, ప్యాడ్, టాంపాన్, కప్పు: ఏది ఎలా వచ్చింది, దేనితో ఎక్కడ జాగ్రత్త?

మీ ప్రశ్న ఇదీ: నెలసరికి అమ్మ గుడ్డలు వాడారు, మీరు ప్యాడ్లు వాడుతున్నారు, ఇప్పుడు మీ అమ్మాయి కప్పు (లోపల పెట్టుకుంటే రక్తాన్ని పట్టే చిన్న గిన్నె) కావాలంటోంది. ఇవన్నీ ఎలా వచ్చాయి, ఏది సురక్షితం, టాంపాన్ (రక్తం పీల్చడానికి లోపల పెట్టుకునే వత్తి) వల్ల చనిపోయారన్నది నిజమేనా, లోపల కడుక్కునే ద్రవాలు వాడాలా వద్దా.

సూటిగా చెప్తాను. నాలుగూ వాడుకోవచ్చు. ప్రమాదం వస్తువులో కన్నా దాన్ని ఎన్ని గంటలు ఉంచారన్న దాంట్లో ఎక్కువ. టాంపాన్ మరణాలు నిజంగా జరిగాయి, కారణం కింద వివరంగా రాస్తాను. యోని లోపల కడగడానికి ఏ ద్రవమూ అక్కర్లేదు. మేలు చెయ్యకపోగా హాని చేస్తుంది. ఈ చరిత్ర మొత్తం చూస్తే ఆడవాళ్లకు ఎక్కువ నష్టం చేసినవి రెండు ఆలోచనలు. మార్చే పని లేకుండా ఎంతసేపైనా పీల్చే వస్తువు తయారుచెయ్యాలన్నది ఒకటి. ఆ చోటు మురికిది, కడగాలి అన్నది రెండోది.

రెండోది చాలా పాతది. క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, బహిష్టులో ఉన్న స్త్రీ దగ్గరికొస్తే ద్రాక్షసారా పులుస్తుందని, అద్దం మసకబారుతుందని, తేనెటీగలు చస్తాయని రాశాడు. పాతకాలపు మాట అని వదిలేద్దామంటే, 1920లో వియన్నాలో బేలా షిక్ అనే పేరున్న డాక్టరే, నెలసరిలో ఉన్న పనిమనిషి పట్టుకున్న పూలు వాడిపోయాయని చెప్పి, ఆ రక్తంలో 'మెనోటాక్సిన్' అనే విషం ఉందన్నాడు. అలాంటి విషం ఏదీ లేదు. నెలసరిలో వచ్చేది మామూలు రక్తం, గర్భాశయం లోపలి పొర, కొంత స్రావం. అంతే.

ఎంత పోతుందన్న దాని మీదా అపోహలే నడిచాయి. ప్రాచీన గ్రీకు వైద్యగ్రంథాలు ఆరోగ్యవంతురాలికి నెలకు రెండు కొటైలు, అంటే సుమారు అర లీటరు పోవాలన్నాయి. అది రాకపోతే జబ్బు అనుకుని రప్పించడానికి మందులిచ్చేవారు. 1960లలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో వాడిన ప్యాడ్లను సేకరించి, అందులోని రక్తాన్ని రసాయన పద్ధతిలో కొలిచారు. మామూలుగా పోయేది 30 నుంచి 40 మి.లీ., అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. 80 మి.లీ. దాటితే రక్తహీనత వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. ఈ 80 అన్న అంకె గుర్తుపెట్టుకోండి, కప్పు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

గుడ్డ

మనుషుల చరిత్రలో ఎక్కువ కాలం నడిచింది ఇదే. (ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ కాలంలోనే చెక్కపుల్లకు దూది చుట్టి టాంపాన్‌గా వాడారని చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ గ్రంథాల్లో లోపల పెట్టే మందుల వత్తులున్నాయి గానీ, అవి నెలసరి రక్తం పీల్చడానికి కాదు.) గుడ్డ వాడటం తప్పు కాదు. ఆరకపోవడమే తప్పు. మళ్లీ మళ్లీ కనిపించే సమస్య ఇది: ఎవరి కంటా పడకూడదని చాటుగా, మరో బట్ట కింద ఆరేస్తారు. లోపలి మడతలు తడిగానే ఉంటాయి. ఆ తడిలో ఫంగస్, బ్యాక్టీరియా రెండూ పెరుగుతాయి. తర్వాత తొడల మధ్య దురద, ఎర్రదనం.

చెయ్యాల్సింది ఇలా. ముందు చన్నీళ్లలో నానబెట్టాలి. వేణ్ణీళ్లు పోస్తే రక్తంలోని ప్రొటీను గడ్డకట్టి దారానికి పట్టేస్తుంది, మరక పోదు. తర్వాత సబ్బు పెట్టి ఉతికి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి. మిగిలిపోయిన సబ్బే చాలామందికి మంట పుట్టిస్తుంది. బట్టలు మెత్తబడటానికి వాడే కండిషనర్ వెయ్యకండి, దాని పొర పట్టుకుంటే గుడ్డ పీల్చదు. మడత పూర్తిగా విప్పి ఎండలో ఆరేయాలి. ఎండ లేకపోతే వేడి ఇస్త్రీ చెయ్యాలి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. పీల్చే గుణం పోయినా, బిరుసెక్కినా ఆ గుడ్డ పక్కన పెట్టేయండి.

ప్యాడ్

వాడి పారేసే ప్యాడ్లు 1880ల చివర్లో ఇంగ్లండ్‌లో సౌథాల్స్ పేరుతో అమ్మారు. 1896లో అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ 'లిస్టర్స్ టవల్స్' తెచ్చింది. సరుకులో లోపం లేదు. కొట్టులో నోరు తెరిచి అడగలేకే ఆడవాళ్లు కొనలేదు.

అసలు మలుపు మొదటి ప్రపంచ యుద్ధంలో వచ్చింది. దూది కరువై, గాయాల కట్ల కోసం కింబర్లీ క్లార్క్ సంస్థ చెక్క గుజ్జుతో 'సెల్యుకాటన్' తయారుచేసింది. అది దూదికన్నా ఐదు రెట్లు పీలుస్తుందన్నారు. యుద్ధరంగంలోని నర్సులు దాన్ని తమ నెలసరికి వాడుకున్నారు. యుద్ధం అయిపోయాక సరుకు మిగిలిపోతే, నర్సులు కనిపెట్టిన ఆ వాడకమే 1920లో కోటెక్స్ ప్యాడ్ అయ్యింది. అడగాల్సిన ఇబ్బంది లేకుండా కొట్టులో పెట్టెలు పేర్చి, పక్కన డబ్బులు వేసే డబ్బా పెట్టారు. మాట్లాడకుండా తీసుకుని వెళ్లిపోవచ్చు.

చెక్క గుజ్జు సంగతి చిన్నది కాదు. తమిళనాడుకు చెందిన అరుణాచలం మురుగనాథం మొదట దూదితో చేసిన ప్యాడ్లు ఎందుకు పనిచెయ్యలేదో ఆయనకు చాలాకాలం అంతుపట్టలేదు. కంపెనీల ప్యాడ్లలో ఉన్నది దూది కాదు, చెక్క నుంచి తీసిన సెల్యులోజ్ అని తెలిశాకే ఆయన యంత్రం దారిలో పడింది.

ఇక్కడ ఒక పేరు తప్పకుండా చెప్పాలి, లిలియన్ గిల్‌బ్రెత్. ఇంజనీరు, మనస్తత్వ శాస్త్రవేత్త. 1927లో జాన్సన్ అండ్ జాన్సన్ కోసం వెయ్యిమందికి పైగా ఆడవాళ్లను "మీకేం కావాలి?" అని అడిగి నివేదిక రాసింది. ప్యాడ్లు పెద్దవిగా ఉన్నాయి, అంచులు కోసుకుంటున్నాయి, బయటికి కనిపిస్తున్నాయి అన్నారు. కత్తిరించి సరిచేసుకుని వాడుతున్నామని కూడా చెప్పారు. వాడేవాళ్లను పద్ధతిగా అడగడం అనే పని అంత ఆలస్యంగా మొదలైంది.

అప్పటి ప్యాడ్లకు జిగురు లేదు. నడుముకు బెల్టు కట్టుకుని, ముందూ వెనకా కొక్కేలకు తగిలించాలి. మేరీ బియాట్రిస్ డేవిడ్‌సన్ కెన్నర్ ఆ బెల్టును సర్దుకునేలా, తడి బయటికి రాని జేబుతో మెరుగుపరిచి 1956లో పేటెంట్ పొందింది. ఆసక్తి చూపిన కంపెనీ ఆమె నల్లజాతి స్త్రీ అని తెలిశాక వెనక్కి తగ్గింది. 1970 ప్రాంతంలో జిగురు ప్యాడ్లు వచ్చి బెల్టు అవసరాన్నే తీసేశాయి.

ఇప్పటి ప్యాడ్ విప్పి చూస్తే పైన చిల్లుల పొర, దాని కింద ద్రవాన్ని పక్కలకు పరిచే పొర, మధ్యలో చెక్క గుజ్జుతో పాటు తెల్లటి గింజల్లాంటి పాలిమర్, అడుగున ప్లాస్టిక్, జిగురు ఉంటాయి. ఆ గింజలు సోడియం పాలీఅక్రిలేట్. మంచినీళ్లయితే వాటి బరువుకు కొన్ని వందల రెట్లు పీలుస్తాయి. ఉప్పునీళ్లయితే కొన్ని పదుల రెట్లే. రక్తంలో ఉప్పూ ఉంది, జెల్ లోపలికి దూరలేని రక్తకణాలూ ఉన్నాయి, కాబట్టి ఇంకా తగ్గిపోతుంది. ప్రకటనల్లో నీలం నీళ్లు ఇట్టే ఇంకిపోయినంత చక్కగా మీ ప్యాడ్ పనిచెయ్యకపోవడానికి కారణం ఇదే.

2023లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో 21 రకాల వస్తువులను నిజమైన మనిషి రక్తంతో పరీక్షించారు. అంతకుముందు ఎక్కువగా ఉప్పునీళ్లతోనో, మామూలు నీళ్లతోనో కొలిచేవారు. అందులో మెన్‌స్ట్రువల్ డిస్క్ (కప్పులాగే లోపల పెట్టుకునే పల్చటి పళ్లెం లాంటిది) సగటున 61 మి.లీ. పట్టింది, పీరియడ్ అండర్‌వేర్ (రక్తం పీల్చే పొరలున్న లోదుస్తు) 2 మి.లీ. మాత్రమే. అంటే ఎక్కువ బ్లీడింగ్ ఉన్న రోజు ఆ అండర్‌వేర్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

ప్యాడ్‌తో వచ్చే ఇబ్బందులు ఎక్కువగా చర్మానివి. ఒరుసుకుపోవడం, చెమట, సువాసన కోసం కలిపిన రసాయనాలకు ఎలర్జీ. మంట వస్తుంటే మొదట వాసన లేని ప్యాడ్‌కు మారండి, ఆ ఒక్క మార్పుతోనే తగ్గిపోయేవాళ్లు చాలామంది. నిండినా నిండకపోయినా నాలుగు నుంచి ఆరు గంటలకు మార్చాలి.

టాంపాన్, 1980లో జరిగింది

డెన్వర్ డాక్టర్ ఎర్ల్ హాస్ ఒకదాంట్లో ఒకటి జారే రెండు అట్టగొట్టాలతో, చెయ్యి తగలకుండా లోపల పెట్టుకునే టాంపాన్‌కు 1933లో పేటెంట్ పొందాడు. ఆ హక్కులు గెర్ట్రూడ్ టెండ్రిచ్ కొని టాంపాక్స్ మొదలుపెట్టింది. గొట్టం లేకుండా వేలితో పెట్టుకునే చిన్న రకం 1950లో జర్మనీలో వచ్చింది. దాని రూపకల్పనలో గైనకాలజిస్ట్ జూడిత్ ఎస్సర్-మిట్టాగ్‌ది పెద్ద చెయ్యి.

1970లలో కంపెనీల మధ్య ఎవరిది ఎక్కువ పీలుస్తుందన్న పోటీ మొదలైంది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ తెచ్చిన 'రిలై' అందులో చివరి మెట్టు. దూది తీసేసి పాలిస్టర్ నురుగు ముక్కలు, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ నింపారు. ఒక్కటి పెట్టుకుంటే చాలాసేపు ఢోకా ఉండదని దాని ఆకర్షణ. అదే సమయంలో, 1978లో, జేమ్స్ టాడ్ అనే పిల్లల డాక్టర్ ఏడుగురు పిల్లల్లో చూసిన వింత జబ్బుకు 'టాక్సిక్ షాక్ సిండ్రోమ్' అని పేరు పెట్టాడు. 1980 వచ్చేసరికి అమెరికాలో నెలసరి సమయంలో ఈ జబ్బు పడ్డ కేసులు 800కు పైగా నమోదయ్యాయి. 38 మంది చనిపోయారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో రిలైని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

దీన్ని చాలామంది "టాంపాన్‌లో విషం ఉంది" అని అర్థం చేసుకుంటారు. అది కాదు. కొంతమంది యోనిలో స్టెఫలోకోకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా మామూలుగానే ఉంటుంది. అందులో కొన్ని రకాలు ఒక విషాన్ని తయారుచెయ్యగలవు. దానికి గాలి కావాలి, ఆమ్లగుణం తగ్గాలి. మామూలు రోజుల్లో యోనిలో ఆక్సిజన్ చాలా తక్కువ, పీహెచ్ (ఆమ్లగుణం కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 దగ్గర ఉంటుంది. నెలసరిలో రక్తం దాన్ని 7 దాకా లేపుతుంది. టాంపాన్ తన పోగుల మధ్య గాలిని లోపలికి మోసుకెళ్తుంది. టాంపాన్ ఎంత పెద్దదైతే అంత గాలి, ఎంతసేపుంటే విషం తయారీకి అంత సమయం. పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఆ విషాన్ని ఆపే యాంటీబాడీలు ఉంటాయి. లేనివాళ్లు ఎక్కువగా టీనేజి పిల్లలే, అందుకే జబ్బు వాళ్ల మీద ఎక్కువ విరుచుకుపడింది.

రిలై ఒక్కటీ తీసేస్తే జబ్బు ఆగలేదు. ఎక్కువ పీల్చే ఇతర రకాలతోనూ కేసులు వచ్చాయి. 1982లో పెట్టెమీద హెచ్చరిక తప్పనిసరి చేశారు. అప్పటికి ఒక కంపెనీ 'సూపర్' మరో కంపెనీ 'రెగ్యులర్' కన్నా తక్కువ పీల్చే పరిస్థితి. బోస్టన్ మహిళా ఆరోగ్య బృందానికి చెందిన ఎస్తర్ రోమ్ లాంటివాళ్లు ఏళ్లతరబడి పట్టుబడితే 1990కి గానీ అమెరికాలో అన్ని కంపెనీలకూ ఒకే కొలత రాలేదు. రెగ్యులర్ 6–9 గ్రాములు, సూపర్ 9–12, సూపర్ ప్లస్ 12–15. ఇప్పుడు ఈ జబ్బు ఏడాదికి లక్షమందిలో ఒకరికి వచ్చేంత అరుదు.

వాడేవాళ్లకు నియమాలు:

ఆ రోజుకు సరిపోయే చిన్న సైజు వాడండి. నాలుగు గంటల తర్వాత తీస్తే పొడిగా ఉండి, లాగుతున్నట్టు నొప్పి పెడితే అది మీకు పెద్దది. నాలుగు గంటల్లోపే తడిసి కారితే పై సైజు తీసుకోండి. ఎనిమిది గంటలు దాటనివ్వకండి. ఎక్కువసేపు పడుకుంటారనుకుంటే రాత్రికి ప్యాడ్ మేలు. నెలసరి లేనప్పుడు తెల్లబట్ట కోసం టాంపాన్ పెట్టుకోవద్దు. చివరి రోజున పెట్టినది తీశారో లేదో చూసుకోండి. లోపల మర్చిపోయిన టాంపాన్ కొద్దిరోజుల్లో కుళ్లు వాసన, గోధుమరంగు స్రావంతో బయటపడుతుంది.

టాంపాన్ గానీ కప్పు గానీ లోపల ఉండగా హఠాత్తుగా 39 డిగ్రీలకు దగ్గరగా జ్వరం, వాంతులు, విరేచనాలు, కండరాల నొప్పులు, ఎండకు కమిలినట్టు ఒంటిమీద ఎరుపు, లేస్తే కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే దాన్ని తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి. ఏది వాడుతున్నారో, ఎన్ని గంటలు ఉంచారో డాక్టర్‌కు ముందే చెప్పండి. చెప్పకపోతే ఫ్లూ అనుకునే ప్రమాదం ఉంది.

మీ అమ్మాయి అడిగిన కప్పు

కొత్త వస్తువేం కాదు. అమెరికన్ నటి లియోనా చామర్స్ 1937లోనే రబ్బరు కప్పుకు పేటెంట్ తీసుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో రబ్బరు దొరక్క ఆగిపోయింది. ఒకసారి కొంటే ఏళ్లతరబడి నడిచే వస్తువు మీద అమ్మకందార్లకు ఆసక్తి లేకపోవడమూ ఆశ్చర్యం కాదు. వైద్యానికి వాడే సిలికాన్‌తో చేసిన కప్పులు 2000ల తర్వాత బాగా వ్యాపించాయి. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో 43 అధ్యయనాలను, 3,319 మంది అనుభవాలను కలిపి చూశారు. లీకేజీ ప్యాడ్లు, టాంపాన్లంతే లేదా అంతకన్నా తక్కువ. కప్పుతోనూ ఐదు టాక్సిక్ షాక్ కేసులు తేలాయి, కాబట్టి అసలు ప్రమాదమే లేదనడం సరికాదు.

మీ మనసులో కన్నెపొర గురించి అనుమానం ఉండి ఉంటే: అది మూసేసిన మూత కాదు. దానిలో ముందే దారి ఉంటుంది, అందులోంచే నెలసరి బయటికొస్తుంది. టాంపాన్ల మీద ఇదే గొడవ నడిచినప్పుడు 1945లో గైనకాలజిస్ట్ రాబర్ట్ డికిన్సన్ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో కొలతలతో సహా ఈ మాటే రాశాడు. కప్పు టాంపాన్ కన్నా వెడల్పు కాబట్టి పొర సాగవచ్చు, అంచున చీలవచ్చు. దానికీ శీలానికీ సంబంధం లేదు.

వాడటం ఇలా:

మొదటిసారి వాడేముందు నిండా నీళ్లున్న గిన్నెలో 5 నుంచి 10 నిమిషాలు మరిగించాలి. అడుగుకు అంటుకుంటే సిలికాన్ కాలిపోతుంది. చేతులు కడుక్కుని, కప్పు అంచును ఒక వేలితో లోపలికి నొక్కి సన్నగా మడవాలి. గొంతుకూర్చుని, నడుం కిందిభాగం వైపు, అంటే వెనక్కి వాల్చి పెట్టాలి. నిటారుగా పైకి తోస్తే గుచ్చుకుంటుంది, కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. లోపలికెళ్లాక కప్పు అడుగు పట్టుకుని కొంచెం తిప్పండి, పూర్తిగా విచ్చుకోవాలి. చుట్టూ వేలుపెట్టి చూస్తే మడత తగలకూడదు. లీకవుతోందంటే చాలాసార్లు కారణం సైజు కాదు, సరిగా విచ్చుకోకపోవడమే. గర్భాశయ ముఖద్వారం కిందికి ఉన్నవాళ్లకు పొట్టి కప్పు నప్పుతుంది. వేలు పెడితే తొందరగా ముక్కుకొనలా గట్టిగా తగిలేది అదే.

తీసేటప్పుడు తోక పట్టి లాగొద్దు. అడుగును నొక్కి గాలి లోపలికి పోనివ్వాలి, అప్పుడు పట్టు వదులుతుంది. గర్భనిరోధక లూప్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం, పట్టు వదలకుండా లాగితే లూప్ జారిపోవచ్చు. 12 గంటలు మించకుండా ఖాళీ చేసి మంచినీళ్లతో కడిగి మళ్లీ పెట్టుకోవచ్చు. నెలసరి అయ్యాక మరిగించి, ఆరబెట్టి గుడ్డసంచిలో ఉంచాలి. గాలాడని ప్లాస్టిక్ డబ్బా వద్దు. ముందు ఇంట్లో ఉన్న రోజుల్లో అలవాటు చేసుకోమనండి. రెండు మూడు నెలలు తడబడటం మామూలే.

కప్పుతో ఇంకో లాభం, చాలావాటి మీద మి.లీ. గీతలు ఉంటాయి. అన్ని రోజులదీ కలిపి రాసుకుంటే 80 దాటుతోందా అన్నది తెలుస్తుంది. అందులో రక్తం కాని స్రావమూ ఉంటుంది కాబట్టి ఒక్క నెల దాటగానే కంగారుపడక్కర్లేదు. నెలనెలా దాటుతున్నా, గంటకో ప్యాడ్ నిండుతున్నా, ఏడు రోజులు మించినా, రెండున్నర సెంటీమీటర్ల కన్నా పెద్ద గడ్డలు పడుతున్నా డాక్టర్‌ను కలవాలి. హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వల కొలత) కూడా చూడమని అడగండి. ఐరన్ నిల్వలు ముందు పడిపోతాయి, హిమోగ్లోబిన్ తర్వాత తగ్గుతుంది.

లోపల కడుక్కునే ద్రవాలు

ఈ చరిత్రలో నన్ను ఎక్కువ బాధపెట్టే భాగం ఇది. 1920ల నుంచి అమెరికాలో లైసాల్‌ను, అవును, నేల తుడిచే లైసాల్‌నే, 'స్త్రీల పరిశుభ్రత' కోసం లోపల చిమ్ముకోమని పత్రికల్లో ప్రకటనలిచ్చారు. భర్త దూరమవుతున్నాడంటే భార్య వాసనే కారణమన్నట్టు బొమ్మలు వేశారు. 'పరిశుభ్రత' అన్నది అసలు గర్భనిరోధానికి మారుపేరు. ఆ పని కూడా అది చెయ్యలేదు. 1933లో నెవార్క్‌లోని ఒక క్లినిక్ పరిశీలనలో అలా వాడిన 507 మందిలో 250 మందికి గర్భం వచ్చింది. అప్పటి లైసాల్‌లో క్రెసాల్ అనే, ఒంటిని కాల్చే రసాయనం ఉండేది, లోపలి పొరలు కాలిపోయాయి, ప్రాణాలూ పోయాయి.

ఆ ప్రకటనలు మొదలయ్యేనాటికే సంగతి తెలుసు. 1892లోనే జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్లైన్ యోనిలో ఉండే మేలుచేసే బ్యాక్టీరియాను గుర్తించాడు. ఇప్పుడు వాటిని లాక్టోబాసిల్లై అంటాం. యోని గోడల్లోని గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నుంచి లాక్టిక్ ఆమ్లం తయారై పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య నిలుస్తుంది. ఆ పులుపులో హానిచేసే క్రిములు బతకలేవు. లోపల ద్రవం చిమ్మితే కాపలా ఉన్నవి కొట్టుకుపోతాయి, పైగా కింద ఉన్న క్రిములు గర్భాశయం వైపు నెట్టుకుపోవచ్చు. అందుకే అలా కడిగేవాళ్లలో బ్యాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలో మేలుచేసే బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరగడం), గర్భాశయ నాళాల ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ. వాసన వస్తోందని కడుగుతారు, కడిగినందువల్ల వాసన పెరుగుతుంది, మళ్లీ కడుగుతారు.

బయటి భాగాన్ని రోజుకోసారి మంచినీళ్లతో, ముందు నుంచి వెనక్కి కడిగితే సరిపోతుంది. సబ్బు వాడాలనుకుంటే వాసన లేని తేలికపాటిది, బయట మాత్రమే. పౌడర్ వద్దు. టాల్క్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2024లో 'బహుశా క్యాన్సర్ కారకం' జాబితాలో చేర్చింది.

తెల్లబట్ట పారదర్శకంగా, తెల్లగా, నెలలో కొన్ని రోజులు ఎక్కువగా ఉండటం ఆరోగ్యమే. పల్చగా బూడిదరంగులో ఉండి చేపవాసన వస్తే బ్యాక్టీరియల్ వజైనోసిస్ కావచ్చు. విరిగిన పాలలా గడ్డలుగా, విపరీతమైన దురదతో ఉంటే ఫంగస్. పచ్చగా నురగగా ఉంటే ట్రైకోమోనాస్ అనే, కలయిక వల్ల సోకే సూక్ష్మజీవిని అనుమానించాలి, అప్పుడు భర్తకూ మందు వాడాలి. ఫంగస్ మందు మిగతా రెండింటికీ పనిచెయ్యదు, వాటి మందు ఫంగస్‌కు పనిచెయ్యదు. దురద అనగానే ఫంగస్ క్రీము కొని రాసుకునేవాళ్లలో చాలామందికి ఉన్నది ఫంగస్ కాదు. పీహెచ్ కాగితం, మైక్రోస్కోపు కింద ఒక చుక్క చూస్తే కొద్ది నిమిషాల్లో తేలుతుంది. ఆ పరీక్షకు వెళ్లేముందు రెండు రోజులు లోపల క్రీముగానీ ద్రవంగానీ ఏదీ పెట్టకండి, ఫలితం తప్పుగా వస్తుంది.